పేలు, కడుపునొప్పి, నాణ్యత

జూన్ 12న బడులు తెరుచుకున్నాయి. ఆ వారమంతా పత్రికల నిండా పుస్తకాల కిట్లు, సన్నబియ్యం, తల్లికి వందనం సొమ్ము. అవన్నీ రాయవలసిన వార్తలే. అయితే ఒక చిన్న ప్రాథమిక పాఠశాలలో కొత్త విద్యా సంవత్సరం ప్రారంభమయ్యేది వాటితో కాదు. ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారు, ఎవరు తాగిన గ్లాసుతో ఎవరు తాగుతారు, చీపురు ఎవరి చేతికి వస్తుంది, అన్నం గంట కొట్టగానే ఎవరు ఇంటికి పరుగెత్తుతారు, ఎవరు పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడతారు అన్నవి మొదటి రెండు వారాల్లోనే స్థిరపడతాయి. ఒకసారి స్థిరపడ్డాక డిసెంబరులో మార్చబోతే పెద్దలకన్నా ముందు పిల్లలే అడ్డం తిరుగుతారు. అప్పటికి వాళ్ళకు లోకమంటే అదే.

నేను ప్రకాశం జిల్లాలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుణ్ణి. బడి ఊరికీ పల్లెకూ మధ్య ఉంది. తూర్పు గోడ దాటితే మాదిగపల్లె, దాని వెనుక మాలపల్లె, చెరువుకట్ట కింద నాలుగైదు యానాది గుడిసెలు. పడమటి గేటు నుంచి ఊరు మొదలవుతుంది. నిరుడు ఇద్దరం టీచర్లం. బదిలీల తర్వాత ఈ ఏడాది నేనొక్కణ్ణే. పిల్లలు పంతొమ్మిది మంది: పదకొండు మంది ఎస్సీలు, ముగ్గురు యానాదులు, ఐదుగురు బీసీలు. ఊళ్ళో కమ్మ, రెడ్డి, వైశ్య ఇళ్ళు బాగానే ఉన్నాయి. ఆ ఇళ్ళ పిల్లలు ఈ బడి మెట్టెక్కి పన్నెండేళ్ళు దాటిందని పాత రిజిస్టర్లు చెబుతున్నాయి.

నేను మాదిగను. కొత్త బడికి బదిలీ అయిన ప్రతిసారీ ఊరు నన్ను అడిగే మొదటి ప్రశ్న చదువు గురించి కాదు. "మీ ఇంటిపేరు ఏంది సారూ?" అంటారు. ఇంటిపేరుతో తేలకపోతే "మీదే ఊరు? ఆ ఊళ్ళో ఎక్కడ?" అంటారు. ఆ 'ఎక్కడ' అనే ఒక్క మాటలో సమస్తం ఉంది. నేను చెప్పేస్తాను. దాచుకున్న టీచరు సంగతి నెలలోపు ఎలాగూ తెలుస్తుంది, ఆపైన ఆ దాపరికమే అలుసైపోతుంది.

కొత్త ఏడాదిలో మొదటి పని అడ్మిషన్ రిజిస్టరు. తల్లి ఒకటో తరగతికి పిల్లను తెచ్చి ఆధార్ కార్డు, పుట్టిన తేదీ పత్రం బల్లమీద పెడుతుంది. పేరు, తండ్రి పేరు, చేసే పని గట్టిగానే చెబుతుంది. కులం దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గుతుంది. "ఎస్సీలం సారూ." ఆ కాలమ్‌కు అంతమాత్రం చాలదు, ఉపకులం కావాలి. 1994లో మా ఈదుమూడిలోనే పుట్టిన దండోరా మూడు దశాబ్దాలు పోరాడింది ఆ ఒక్క గడి కోసమే. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణను సమర్థించింది. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి ఎస్సీల 15 శాతాన్ని మూడు గ్రూపుల మధ్య 1, 6.5, 7.5 శాతాలుగా పంచింది. నేనిప్పుడు ఆ గడిలో తప్పు రాస్తే పన్నెండేళ్ళ తర్వాత ఆ పిల్ల సీటు పోవచ్చు. మతం కాలమ్ మరో చిక్కుముడి. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే తల్లి "హిందూ అనే రాయండి సారూ" అంటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం పుచ్చుకున్న దళితుడు ఎస్సీ కాడు. మన రాష్ట్రంలో అతడు బీసీ-సి. ఐదారేళ్ళ బిడ్డకు ఏ దేవుణ్ణి ఇవ్వాలో ఆ తల్లి నా బల్ల ముందు నిలబడి తేల్చుకోవాలి.

కాబట్టి బడి రికార్డుల్లో కులం కాలమే తీసేయాలనే మంచి మనసుల వారితో నేను ఏకీభవించను. రాయకపోతే కులం పోదు, హక్కు పోతుంది. అయితే రాసిన పుస్తకం ఉండవలసింది బీరువాలో, తరగతి గదిలో కాదు. నేను చదువుకున్న బడిలో ఏటా జూలైలో ఒక పిలుపు వచ్చేది: "ఎస్సీ పిల్లలంతా లేచి నిలబడండి, స్కాలర్‌షిప్ కాగితాలు." లేచేవాళ్ళం. కూర్చున్నవాళ్ళు తలలు తిప్పి లెక్కపెట్టేవాళ్ళు. అంతవరకూ నా కులం తెలియని పక్కబెంచీ కుర్రవాడికి ఆ రోజు తెలిసింది. హక్కును ఇచ్చే చేత్తోనే వేలెత్తి చూపించడం ఎంత సులువో మన బడులకు బాగా తెలుసు. ఇప్పుడు నేను ఆ వివరాలన్నీ తల్లులతో, సాయంత్రం పిల్లలు వెళ్ళాక మాట్లాడతాను. పని ఆలస్యమవుతుంది. మండల కార్యాలయం నుంచి ఫోన్లు వస్తాయి. కానివ్వండి.

రెండోది కూర్చునే చోటు. ఇక్కడ ఎవరూ ఎవరినీ వేరు చేయనక్కర లేదు, వీధే చేసేస్తుంది. ఒక వీధి పిల్లలు కలిసి వస్తారు, కలిసి కూర్చుంటారు. మన ఊళ్ళలో వీధి అంటే కులమే కదా. టీచరు చేయి కదపకుండా ఊరుకుంటే చాలు, వారం తిరిగేసరికి గదిలో ఊరి పటం దిగిపోతుంది: కిటికీ పక్క బీసీలు, మధ్యలో మాలలు, మాదిగలు రెండు గుంపులు, తలుపు దగ్గర యానాదులు. 'నాడు–నేడు'లో వచ్చిన జంట బల్లలు నాకు ఈ విషయంలో గొప్ప సాయం చేశాయి. చాప మీద జానెడు ఎడం పెట్టుకోవచ్చు, జంట బల్ల మీద మోచేయి తగలక తప్పదు. ప్రతి సోమవారం చీటీలు తీస్తాం. ఎవరి పేరు ఎవరితో వస్తే ఆ వారం వాళ్ళిద్దరూ ఒక బల్ల. పిల్లలకు అది ఆట. చీటీ విప్పేటప్పుడు అరుపులు, నవ్వులు.

ఆట కానిది పెద్దలకు. రెండో వారంలో ఒక బీసీ పిల్ల నాయనమ్మ వచ్చింది. ఆ వారం ఆ పిల్లకు యానాది పిల్లతో చీటీ పడింది. ఆవిడ కులం ఎత్తలేదు. "మా పిల్లకు పేలు పడుతున్నయ్ సారూ, కాస్త మార్చి కూర్చోబెట్టండి" అంది. పేలు నిజమే కావచ్చు. నేను ఏఎన్‌ఎమ్ గారిని పిలిపించి పంతొమ్మిది తలలూ చూపించాను. పన్నెండు తలల్లో ఉన్నాయి, ఆ నాయనమ్మ మనవరాలి తలతో సహా. అందరికీ మందు పెట్టించాం. మరుసటి సోమవారం ఆవిడ మళ్ళీ వచ్చి, ఈసారి కళ్ళకలక భయం చెప్పింది.

నా ఇరవై రెండేళ్ళ సర్వీసులో కులం పేరెత్తి 'మా బిడ్డను వేరే కూర్చోబెట్టండి' అన్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో. 17వ అధికరణం, అత్యాచారాల నిరోధక చట్టం కలిసి నోటికి ఆ మాత్రం తాళం వేశాయి. అది చిన్న విజయమేమీ కాదు. అయితే నోరు మూతపడ్డ కులం వేరే మాటలు నేర్చుకుంది. ఒకప్పుడు మైల అన్నచోట ఇప్పుడు పేలు అంటారు. అంటు అన్నచోట కడుపునొప్పి అంటారు. బడి మొత్తాన్ని వదిలి వెళ్ళేటప్పుడు నాణ్యత అంటారు. విద్యార్థులు, ఉద్యమకారులు పాత మాటల కోసం వెతుకుతూ ఉంటే కొత్త మాటల కింద జరిగేది కనబడకుండా పోతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఇది మా వాళ్ళకు అనుకూలంగా రాసుకున్న వ్యాసం అవుతుంది. పేల మాట ఒక్క ఆ నాయనమ్మదే కాదు. అంతకుముందు వారం మా మాదిగపల్లె తల్లి ఒకావిడ కూడా అదే పిల్ల గురించి అదే మాట అంది. మా పిల్లలు ఆ ముగ్గురినీ పేర్లతో పిలవరు, "ఏయ్ యానాది" అంటారు. వాళ్ళు తాగిన గ్లాసును రెండుసార్లు కడుగుతారు. నన్ను పక్కబెంచీ కుర్రవాడు చూసిన చూపు, నా పల్లె పిల్లవాడు ఇంకొకరి మీద విసరడం నా కళ్ళముందే జరుగుతుంది. మెట్లు మెట్లుగా అమరిన అసమానత అని అంబేడ్కర్ చెప్పింది పుస్తకాల్లో చదివాం. ఒక గదిలో పంతొమ్మిది మంది పిల్లలతో రోజంతా గడిపితే ఆ మెట్లు లెక్కపెట్టవచ్చు. యానాది పిల్లలు బడికి రావడం మానేస్తే 'వాళ్ళంతే సారూ, చేపలకు పోతారు' అని ఊరూ పల్లే ఒకే గొంతుతో అంటాయి. ఊరూ పల్లే అంత చక్కగా ఏకమయ్యే సందర్భం నాకు మరొకటి గుర్తు రాదు.

నీళ్ళ విషయంలో ఈ జిల్లాకు ఉన్న జ్ఞాపకం వేరు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపిన ఊచకోత మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైంది. తాము తాగే నీళ్ళను పాడుచేయవద్దని ఒక దళిత స్త్రీ బిందె ఎత్తింది, అంతే. సతారా బడిలో తాను కూర్చోవడానికి గోనెపట్టా ఇంటినుంచి తెచ్చుకున్నాననీ, కుళాయి విప్పడానికి బంట్రోతు లేని రోజు దాహంతోనే ఉన్నాననీ అంబేడ్కర్ తన స్వీయానుభవాల్లో రాశాడు. ఆ కుళాయి ఇప్పుడు లేదు. బంట్రోతూ లేడు. ఇప్పుడు ప్రతి పిల్లా తన సీసా తానే తెచ్చుకుంటుంది. పరిశుభ్రత దృష్ట్యా మంచిదే. కానీ సీసా కొనలేని పిల్లలు కొళాయి కింద దోసిలి పడతారు, దోసిలి పట్టేవాళ్ళు ఎవరో గది మొత్తానికి తెలుసు. నేను సీసాలు వద్దనలేదు. వరండాలో కొళాయి బిగించిన డ్రమ్ము ఒకటి, స్టీలు గ్లాసులు పది పెట్టాను. రోజూ ఇద్దరు పిల్లలు వంతుల వారీగా అందరికీ నీళ్ళు ఇస్తారు. ఆ వంతు యానాది పిల్లలకూ వస్తుంది. మొదటి రోజు ఆ పిల్లవాడు ఇచ్చిన గ్లాసును ముగ్గురు తీసుకోలేదు. ముగ్గురిలో ఇద్దరు ఎస్సీలు. నాలుగో రోజుకు ఎండ ఎక్కువై అందరూ తీసుకున్నారు. ఎండ నాకన్నా మంచి టీచరు.

చీపురు సంగతి ఒక్క మాటలో చెప్పి ముందుకు పోతాను. గది ఊడ్చే వంతు అందరిదీ, మగపిల్లలతో సహా. ఇందులో కులం కన్నా ఎక్కువ గొడవ మగపిల్లల విషయంలోనే వచ్చింది, అదీ అన్ని వీధుల నుంచీ. మరుగుదొడ్డి జోలికి మాత్రం ఏ పిల్లనూ పంపను. దాన్ని కడిగే ఆయా మాదిగపల్లె మనిషి. ఏ ఉత్తర్వులోనూ ఆ పని ఫలానా కులానికి ఇవ్వాలని లేదు. అయినా ఆ పని తిన్నగా పల్లెకే వస్తుంది.

అన్నం దగ్గర మాత్రం ఆగాలి. 2001 నవంబరు 28న పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నింటిలో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003 జనవరిలో అది మొదలైంది. 2004 ఏప్రిల్ 20న అదే కోర్టు, వంటవాళ్ళ నియామకంలో దళితులకు, ఎస్సీ ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. ఈ రెండో ఆదేశం గురించి మన చర్చల్లో పెద్దగా వినబడదు. ఆకలి తీర్చడం ఒక పని, ఎవరి చేతి అన్నం అన్నది ఇంకొక పని అని గ్రహించిన ఆదేశం అది. 2005లో సుఖదేవ్ థోరట్, జోయెల్ లీ ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ప్రచురించిన అధ్యయనం కూడా వంటమనిషి కులాన్ని, బడి ఉన్న వీధిని ప్రత్యేకంగా పరిశీలించింది. ఆంధ్రప్రదేశ్ కూడా ఆ అధ్యయనంలో ఉంది.

పాతిక మంది లోపు పిల్లలుంటే వంటమనిషి ఒక్కరే. మా బడిలో వండేది మాదిగపల్లె ఆవిడ. ఐదుగురు బీసీ పిల్లల్లో ముగ్గురు పంక్తిలో కూర్చుని తింటారు. ఇద్దరు ఇంటికి వెళతారు. "మావాడికి ఇక్కడి అన్నం పడదు సారూ, కడుపునొప్పి" అంటారు పెద్దవాళ్ళు. సరే అన్నాను, బలవంతంగా తినిపించే అధికారం నాకు లేదు. కానీ గుడ్డు పెట్టే రోజున ఆ ఇద్దరూ వెళ్ళేముందు వచ్చి గుడ్డు తీసుకుంటారు. చిక్కీ పొట్లం కూడా. రెండేళ్ళుగా ఇదే పద్ధతి. గుడ్డుకు పెంకు ఉంది, చిక్కీకి కవరు ఉంది. అన్నానికి లేదు. కడుపునొప్పి ఎక్కడ మొదలవుతుందో ఇంతకన్నా స్పష్టంగా ఏ వైద్యుడూ చెప్పలేడు.

ఆ వంటమనిషి ఇదంతా చూస్తూనే ఉంటుంది. ఒక్కసారీ పైకి అనలేదు. ఆమెకు నెలకు మూడు వేల రూపాయలు. అందులో కేంద్రం లెక్క 2009లో నిర్ణయించిన వెయ్యి రూపాయల మీదే నిలిచి ఉంది. పదహారేళ్ళలో పప్పు ధర, నూనె ధర, నా జీతం, అన్నీ పెరిగాయి.

ఈ జూన్‌లోనే కర్ణాటకలో చామరాజనగర జిల్లా హొమ్మ గ్రామం బడి గురించి వార్త వచ్చింది. దళిత మహిళను ప్రధాన వంటమనిషిగా నియమించాక పిల్లలను ఒకరి తర్వాత ఒకరుగా తీసుకుపోయారనీ, ఇరవై ఇద్దరిలో ఒక్కరే మిగిలారనీ పత్రికలు రాశాయి. ఆ వార్తల్లో వంటమనిషి మాటతో పాటు మరో కారణం కూడా వినబడింది: చదువు నాణ్యత. ఆ ఇరవై రెండు మంది బడికీ నా పంతొమ్మిది మంది బడికీ పెద్ద తేడా కనిపించలేదు నాకు. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లాలో దళిత భోజనమాత వండిన అన్నాన్ని సవర్ణ పిల్లలు ముట్టలేదు. ఆమెను తొలగించాక, కొత్తగా వచ్చిన సవర్ణ మహిళ వండిన అన్నాన్ని దళిత పిల్లలు నిరాకరించారు. ఆ రెండో సగం నాకు ఇష్టం. చివరికి మొదటి ఆమెను తిరిగి తీసుకున్నారు.

మా దగ్గర అలాంటి ఘర్షణ లేదు. ఎందుకంటే ఘర్షణ పడవలసిన వాళ్ళు బడిలోనే లేరు. ఉదయం ఏడూ ముప్పావుకు పసుపు బస్సు వస్తుంది. ఊరి పిల్లలందరినీ, బీసీల్లో సగానికి పైగా పిల్లలను, మా పల్లె నుంచి ఆటోడ్రైవరు కొడుకును, సచివాలయ ఉద్యోగి కూతుర్ని ఎక్కించుకుని వెళుతుంది. ఈ తల్లిదండ్రులందరినీ ఒకే గాటన కట్టను. ఆటోడ్రైవరు తన కొడుకుకు ఇంగ్లీషు కావాలనుకోవడంలో తప్పేముంది? ఒక్క టీచరు ఐదు తరగతులు చెప్పే బడికి నా బిడ్డనైనా పంపుతానా అని అతను అడిగితే సమాధానం చెప్పుకోవలసింది ప్రభుత్వమే. విద్యాహక్కు చట్టం షెడ్యూలు అరవై మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలంటుంది. నాణ్యత లేదన్న మాట అక్కడ నిజం. కానీ అదే మాట ఊరివాళ్ళ నోట మరో పని చేస్తుంది. ఐదుగురు టీచర్లు, నూటపది మంది పిల్లలు ఉన్న రోజుల్లోనే వాళ్ళు వెళ్ళిపోయారు. ముందు వెళ్ళింది వాళ్ళు, నాణ్యత పోయింది ఆ తర్వాత. పలుకుబడి ఉన్న ఇంటి పిల్ల ఒక్కతె ఉన్నా ఆ బడికి గోడ కూలితే మర్నాడే కలెక్టరు కార్యాలయానికి ఫోను పోతుంది. మా గోడ కూలితే పోయే ఫోను ఒక్క నాదే.

ప్రభుత్వాలు కూడా ఈ ప్రయాణానికి టిక్కెట్టు కొనిపెట్టాయి. నిన్నటి అమ్మ ఒడి గానీ నేటి తల్లికి వందనం గానీ ప్రభుత్వ బడికీ ప్రైవేటు బడికీ తేడా చూడవు. తల్లి ఖాతాలో పడిన పదమూడు వేలు ఆ నెలలోనే బస్సు ఫీజుకు పోతాయి. చట్టంలోని 12(1)(సి) సెక్షన్ కింద ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేదలకు ఇవ్వాలి. మన రాష్ట్రంలో 2022–23 నుంచి అది అమలవుతోంది. కొందరు పిల్లలకు మేలు జరిగింది, కాదనను. కానీ ఆ దారి ఒకవైపే నడుస్తుంది. వాళ్ళ బడికి మన పిల్ల వెళ్ళవచ్చు, మన బడికి వాళ్ళ పిల్ల రావాలని అడిగే సెక్షన్ ఏ చట్టంలోనూ లేదు.

2022 జూన్‌లో వచ్చిన 117 నంబరు జీవో మా బడి నుంచి 3, 4, 5 తరగతులను పీకి కిలోమీటరు దూరంలోని హైస్కూలుకు కలిపింది. కాగితం మీద అది 'మ్యాపింగ్'. నేల మీద అది ఎనిమిదేళ్ళ దళిత బాలిక ఊరి నడిబొడ్డు నుంచి, రచ్చబండ పక్కనుంచి, లారీలు తిరిగే రోడ్డు దాటి నడవడం. కొందరు వెళ్ళారు, కొందరు పసుపు బస్సు ఎక్కారు, ఇద్దరు యానాది పిల్లలు చెరువుకు పోయారు. 2025లో కొత్త ప్రభుత్వం ఆ జీవోను రద్దు చేసి బడులను తొమ్మిది రకాలు చేసింది. మా తరగతులు తిరిగి వచ్చాయి. పిల్లల్లో సగం మంది రాలేదు. తరగతిని పంపినంత తేలికగా తిరిగి రప్పించవచ్చు, నమ్మకాన్ని రప్పించలేం. ఇంకో పక్క మోడల్ ప్రైమరీ స్కూళ్ళు అంటున్నారు, తరగతికో టీచరు అంటున్నారు. మంచి మాట. అవి ఎక్కడ వస్తాయన్నదే ప్రశ్న. సంఖ్య ఉన్నచోట వస్తాయి, సంఖ్య ఊరి నడుమ ఉంటుంది, పల్లె పక్క బడి మళ్ళీ 'గిట్టుబాటు కాని బడి' అవుతుంది. పిల్లల సంఖ్య తగ్గడానికి కారణమైన కులం ఏ నివేదికలోనూ కనబడదు. తగ్గిన సంఖ్య మాత్రం ప్రతి నివేదికలో ఉంటుంది.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో, 1920 ప్రాంతం నుంచి, లేబర్ శాఖ అంటరాని కులాల పిల్లల కోసం వేరే బడులు నడిపింది. మా పల్లెలో పెద్దవాళ్ళు ఇప్పటికీ 'లేబర్ బడి' అనే మాట వాడతారు. ఊరి బడి రానివ్వలేదు కాబట్టి ఆ బడులు వచ్చాయి. అటు హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ ఆది హిందువుల పిల్లలకు సొంతంగా బడులు పెట్టవలసి వచ్చింది కూడా అందుకే. స్వాతంత్ర్యం తర్వాత ఒకే కప్పు కింద అందరి పిల్లలూ కూర్చునే బడి కోసం మా తాతల తరం చాలా అడిగింది, కొన్నిచోట్ల దెబ్బలూ తిన్నది. ఆ కప్పు కింద ఇప్పుడు మిగిలింది ఎవరో పైన లెక్క చెప్పాను. ఏ జీవో లేకుండా, ఏ గొడవా లేకుండా, లేబర్ బడి తిరిగి వచ్చింది. తేడా ఒక్కటే. అప్పుడు మనల్ని బయట ఉంచారు, ఇప్పుడు వాళ్ళే బయటికి వెళ్ళారు.

అలాంటప్పుడు ఈ చీటీలు, ఈ డ్రమ్ము, ఈ వంతులు ఎవరి కోసమని ఒక మిత్రుడు అడిగాడు. కుల నిర్మూలన పాఠం నేర్చుకోవలసిన వాళ్ళు బస్సెక్కి పోతే, ఉన్నవాళ్ళకు నేర్పి ఏం లాభం? ప్రశ్న బాగుంది, కానీ అందులో ఒక చిన్న మోసం ఉంది. సమానత్వం అగ్రకులాల పిల్లలకు చెప్పే నీతి పాఠం అనుకుంటే ఆ ప్రశ్న పుడుతుంది. యానాది పిల్లవాడి చేతి నీళ్ళు నా పల్లె పిల్ల తాగడం ఆ ఇద్దరికీ అవసరం. వర్గీకరణ తర్వాత మాల, మాదిగ పిల్లలు ఇళ్ళలో వింటున్న మాటలు ఏమిటో నాకు తెలుసు. ఆ పిల్లలు ఒక బల్ల మీద ఉండడం ఇప్పుడు ఇంకా అవసరం. పైగా, బడి అంటే అక్షరాలు, లెక్కలు అందించే కేంద్రం మాత్రమే అయితే దాన్ని ఎక్కడికైనా కలిపేయవచ్చు, బస్సులో తరలించవచ్చు, ట్యాబ్‌లో పెట్టవచ్చు. ఇరవై మంది పిల్లలు రోజుకు ఏడు గంటలు కలిసి బతికే చోటు అయితే దాని లెక్క వేరే వేయాలి. ఆ లెక్క వేసే కాలమ్ ఏ యాప్‌లోనూ నాకు దొరకలేదు, యాప్‌లు మాత్రం రోజూ నింపుతూనే ఉన్నాను.

జూలై 10న మెగా పేరెంట్–టీచర్ సమావేశం జరిగింది. ఫొటోలు తీసి పంపడం అయ్యాక, పాఠశాల యాజమాన్య కమిటీ వాళ్ళు అక్కడే చెట్టు కింద కూర్చున్నారు. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఈ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులుండాలి, సగం మంది స్త్రీలుండాలి, అణగారిన వర్గాల తల్లిదండ్రులకు దామాషాలో చోటుండాలి. సాధారణంగా కాగితం మీద సంతకాలు చేసే కమిటీ ఇది. ఆ రోజు కొంచెం మాట్లాడింది. రెండో టీచరు కావాలని మాలపల్లె తల్లి అంది. బియ్యం బస్తా మోయలేకపోతున్నాననీ, రోడ్డు నుంచి బడి దాకా మోయడానికి మనిషి కావాలనీ వంటమనిషి అంది. పేల సంగతి తెచ్చిన నాయనమ్మ కూడా వచ్చింది. కమిటీ సభ్యురాలు కాకపోయినా గోడకానుకుని నిలబడి చివరిదాకా విన్నది. ఇంటికి అన్నానికి వెళ్ళే ఇద్దరు పిల్లల పెద్దలు రాలేదు.

మూడు తీర్మానాలు రాశాం. రెండో ఉపాధ్యాయుణ్ణి చట్టప్రకారం నియమించాలి. సంఖ్య తక్కువన్న కారణంతో తరగతులను మళ్ళీ వేరే బడికి కలిపే ముందు ఈ కమిటీని, పల్లె వాళ్ళను కూర్చోబెట్టి అడగాలి. ప్రతి బడిలో మధ్యాహ్నం ఎంతమంది పిల్లలు తినకుండా ఇంటికి పోతున్నారో, ఎందుకు పోతున్నారో మండల అధికారి టర్ముకొకసారి వచ్చి స్వయంగా చూడాలి. మూడో తీర్మానం చదివినప్పుడు వంటమనిషి తల ఎత్తింది. 'ఎందుకు' అన్న మాట తీసేద్దామని ఒకాయన అన్నాడు. ఉండనివ్వమని ఇద్దరు తల్లులు అన్నారు. ఉంది.

తీర్మానాల నకలు మండల విద్యాశాఖ కార్యాలయానికి ఇచ్చి రసీదు తీసుకున్నాను. ఇంకా జవాబు రాలేదు. ఈ వారం ఒక బీసీ పిల్ల టీసీకి దరఖాస్తు వచ్చింది. కారణం అన్నచోట 'మెరుగైన విద్య' అని రాశారు.